తేలికైతే చాలదు.. తడవకుండా కాపాడాలి!
పాడేరు: మన్యం కొండల్లో వీపున సంచితో కాలినడకన తిరిగే ఒంటరి యాత్రికులు టెంటు కొనేటప్పుడు తొలుత చూసేది బరువే. శీతాకాలంలో అదొక్కటే చూసుకుంటే రాత్రంతా వణకక తప్పదు. ఊపిరిలోని తేమ చల్లబడిన గుడ్డకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. ఒకే పొర ఉన్న టెంటు తేలికే అయినా ఆ బొట్లు పడకపైనే రాలతాయి. తడిసిన పక్క వెచ్చదనాన్ని నిలపదు. రెండు పొరలుంటే బొట్లు బయటి పొరకే పట్టి కిందికి జారుతాయి. ఈ రకంలో ఒకరికి సరిపడేవి కిలో నుంచి కిలోన్నర బరువులోనే దొరుకుతాయి. గాలి ఆడే కిటికీలు, మనిషి ఎత్తు కన్నా అడుగు ఎక్కువ పొడవు ఉండాలి. కొనేముందు వేయించి, లోపల పడుకుని చూడటం మేలు. ఎంత చలి వేసినా లోపల కుంపటి పెట్టరాదు. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.