కూర్చుంటే చాలు... నేల గడ్డకట్టాల్సిందే!

తెల్లగా, బొద్దుగా, నీటిగుర్రం మూతితో ఉండే మూమిన్ బొమ్మల్ని కాఫీ కప్పుల మీదో, పిల్లల బ్యాగుల మీదో చూసే ఉంటారు. ఫిన్లాండ్ రచయిత్రి, చిత్రకారిణి టూవె యాన్సన్ 1945 నుంచి 1970 దాకా స్వీడిష్‌లో రాసిన 9 పుస్తకాల్లోని కుటుంబం అది. దారిన పోయేవాళ్లెవరొచ్చినా భోజనం పెట్టి పక్క వేసే ఇల్లు. అలాంటి ఇల్లు కూడా ఒక్క పేరు వింటే మాత్రం వణికిపోతుంది. ఆ పేరు గ్రోక్! (ఏఐ గ్రోక్ కాదండోయ్, ఇది అంతకు చాలా ముందు పుట్టిన భూతం.) కనిపించేది కొద్ది పేజీల్లోనే అయినా ఈవిడగారి గురించి చెప్పుకోవాల్సినవి చాలానే ఉన్నాయి.

• గ్రోక్‌ది కొండలాంటి ఒళ్లు. గుండ్రటి కళ్లతో గుడ్లప్పగించి చూస్తుంది. తరమడం, అరవడం కన్నా కదలకుండా కూర్చుని చూడటంతోనే ఎక్కువ భయపెడుతుంది. కూర్చున్న చోట నేల గడ్డకడుతుంది, మొక్కలు మాడిపోతాయి.

• గ్రోక్ తొలిసారి వచ్చింది 1948 నాటి ‘ఫిన్ ఫ్యామిలీ మూమిన్‌ట్రోల్’లో. ఇద్దరు చిట్టి జీవులు ఓ పెట్టెతో మూమిన్ల ఇంట్లో దిగుతారు. అందులో పెద్ద కెంపు ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఆ కెంపు అసలు సొంతదారు గ్రోకే! తన సొత్తు కోసమే వచ్చింది.

• ఈ తగువు తీర్చడానికి కోర్టు కూడా పెడతారు. జడ్జి స్నోర్క్ చెక్క తురుముతో చేసిన విగ్గు పెట్టుకుంటాడు. పెట్టె చిట్టి జీవులది, లోపలిది గ్రోక్‌ది అని వాదనలు సాగుతాయి. చివరికి మూమిన్ అమ్మే రాజీ కుదురుస్తుంది. ఇంట్లో ఉన్న మాయ టోపీలో కాసిని చెర్రీలు వేస్తే కెంపులై వస్తాయి. బేరం నచ్చి, కెంపు వదిలేసి టోపీ పట్టుకుపోతుంది గ్రోక్.

• ఆ చిట్టి జీవుల వెనక నిజం మనుషులున్నారు. ఒకరు టూవె, మరొకరు ఆమె ప్రేమించిన రంగస్థల దర్శకురాలు వివికా బాండ్లర్. ఫిన్లాండ్‌లో స్వలింగ సంబంధాలు 1971 దాకా నేరమే. అందుకే పెట్టెలో దాచిన కెంపు వాళ్ల రహస్య ప్రేమ అనీ, గుమ్మం ముందు కాపు కాసే గ్రోక్ ఆ ప్రేమను వెంటాడిన భయమనీ చాలామంది చెబుతారు.

• 1957 నాటి ‘మూమిన్‌లాండ్ మిడ్‌వింటర్’లో కథ మలుపు తిరుగుతుంది. చలికాలం నడిమధ్యలో అందరూ పెద్ద నెగడు వేసుకుంటే గ్రోక్ వచ్చి సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. మంట కాస్తా ఆరిపోతుంది. అది ఆర్పడానికి రాలేదు, చలి కాచుకోవడానికే వచ్చిందని టూటికి అనే పాత్ర మూమిన్ల ఇంటి అబ్బాయి మూమిన్‌ట్రోల్‌కి చెబుతుంది. ఈ టూటికి కూడా నిజం మనిషి నీడే: టూవె జీవిత సహచరి, చిత్రకారిణి టూలికి పియెటిలా.

• 1965 నాటి ‘మూమిన్‌పప్పా ఎట్ సీ’లో దీపం వెలుగు కోసం గ్రోక్ సముద్రాన్నే గడ్డకట్టించుకుంటూ మూమిన్లు ఉంటున్న దీవికి చేరుతుంది. మూమిన్‌ట్రోల్ రోజూ రాత్రి లాంతరు తీసుకెళ్లి చూపిస్తాడు. ఓ రోజు కిరోసిన్ అయిపోతుంది. ఉత్త చేతులతో వెళ్తాడు. ఇతను వచ్చాడన్న సంబరంతోనే గ్రోక్ నాట్యం చేస్తుంది. వెళ్లిపోయాక చూస్తే, అది నిలబడ్డ చోట ఇసుక గడ్డకట్టలేదు! ఆ మరుసటి ఏడాదే టూవెకి బాలసాహిత్యంలో పెద్ద గౌరవమైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం దక్కింది.

• పోలండ్‌లో గ్రోక్ పేరు ‘బూకా’. 1977–82 మధ్య వూచ్ నగరంలోని స్టూడియో తీసిన మూమిన్ బొమ్మల టీవీ సీరియల్ చూసి ఒక తరం పిల్లలు జడుసుకున్నారు. పెద్దయ్యాక కూడా ఆ భయాన్ని తలుచుకుని నవ్వుకుంటుంటారు.

• ఫిన్నిష్‌లో గ్రోక్‌ని ‘మోర్కో’ అంటారు. ఫిన్లాండ్ ఐస్ హాకీ జట్టు మాజీ కెప్టెన్ మార్కో ఆంటిలా ముద్దుపేరూ అదే. 2019 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో కెనడాపై ఫిన్లాండ్ 3–1తో గెలిస్తే, అందులో 2 గోల్స్ ఈ మోర్కోవే!

గ్రోక్‌ని పరిచయం చేసుకోవాలనుకుంటే 1948, 1957, 1965 పుస్తకాలను ఆ వరసలోనే చదవండి. ఇంగ్లిషులో దొరుకుతాయి. 17 ఏళ్లలో మారింది భూతం ఒక్కటే కాదు, దాన్ని చూసే చూపు కూడా. పిల్లలకి చదివి వినిపిస్తే ఆ తేడా మీకన్నా ముందు వాళ్లే పట్టేస్తారు.