ఖరీదైన ఎస్‌యూవీ బేరం: బరంపురం కొనుగోలుదారు ముందుగా వేసుకోవలసిన లెక్కలు

గంజాం జిల్లాలో, ముఖ్యంగా బరంపురం నగరంలో, ఖరీదైన ఎస్‌యూవీ వాహనాలపై మోజు పెరుగుతున్నది. వైద్యులు, గుత్తేదారులు, పట్టు వస్త్ర వర్తకులు, విదేశాలలో ఉద్యోగాలు చేస్తూ తల్లిదండ్రుల కొరకు వాహనం కొనేవారు ఈ కొనుగోలుదారులలో కనిపిస్తారు. అరవై, డెబ్బై లక్షల రూపాయల వస్తువు కొనేటప్పుడు కూడా అనేకులు బేరమంతా "నెల వాయిదా ఎంత?" అనే ఒక్క ప్రశ్నతోనే ముగిస్తున్నారు. ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులు పదిసార్లు చదివే కుటుంబం కారు కాగితాలపై చదవకుండానే సంతకం చేయడం వింతయే. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత ఈ వాహనాలకు వర్తించినంతగా మరి దేనికీ వర్తించదు.

సరిహద్దు జిల్లా కావడం వలన ఇక్కడి కొనుగోలుదారునికి ఒక అనుకూలత, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. ఉత్తరాన భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, దక్షిణాన విశాఖపట్నం 250 కిలోమీటర్లకు పైగా. పదహారవ నంబరు జాతీయ రహదారి మీద రెండు నగరాలకూ వెళ్ళి ధరలు తెలుసుకోవచ్చు. ఇది అనుకూలత. ఒక రాష్ట్రంలో నివసిస్తూ మరొక రాష్ట్రంలో వాహనం నమోదు చేయించుకొని చిక్కులలో పడటం ప్రమాదం.

ధరలో ఏమేమి ఉన్నాయి?

షోరూం ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. 2017 జూలై 1కి ముందు ఒడిశాలోను, ఆంధ్రలోను వ్యాట్ వేరువేరుగా ఉండేది గనుక ఇచ్ఛాపురం దాటితే ధర మారేది. జీఎస్టీ వచ్చాక ఆ భేదం చాలావరకు తొలగినది. 2025 సెప్టెంబరు 22 వరకు పెద్ద ఎస్‌యూవీలపై 28 శాతం జీఎస్టీ, 22 శాతం పరిహార సెస్సు, వెరసి 50 శాతం పన్ను ఉండేది. ఆ తేదీ నుండి సెస్సు తొలగి, మొత్తం పన్ను 40 శాతమైనది. విద్యుత్ వాహనాలపై 5 శాతమే.

ఈ మార్పును రూపాయలలో చూడాలి. పన్నులేని ధర 40 లక్షలైన వాహనం పూర్వం 60 లక్షలు. ఇప్పుడు 56 లక్షలు. అంటే నాలుగు లక్షల తగ్గుదల పన్ను వలన కలిగినదే కాని, అమ్మకందారు దయ వలన కలిగినది కాదు. దానిని "ప్రత్యేక రాయితీ"గా చూపించినప్పుడు మోసపోరాదు. పాత వాహనం కొనేవారు కూడా 2025 సెప్టెంబరుకు ముందు నాటి బిల్లు చూసి ధర కట్టరాదు. నేటి కొత్త వాహనం ధరతోనే పోల్చాలి.

షోరూం ధరపై చేరేవి ప్రధానంగా నాలుగు. మొదటిది రాష్ట్ర రోడ్డు పన్ను. రెండవది బీమా. మూడవది, వాహనం విలువ పది లక్షలు దాటితే అమ్మకందారు వసూలు చేసే ఒక శాతం ఆదాయపు పన్ను, అంటే టీసీఎస్. అరవై లక్షల వాహనానికి ఇది అరవై వేల రూపాయలు. ఇది ఖర్చు కాదు. పాన్ సంఖ్యపై జమ అవుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పొందవచ్చు. అయినను పాన్ సంఖ్య సరిగా ఇవ్వక ఈ సొమ్మును మరచిపోయేవారు ఉన్నారు. నాలుగవది "హ్యాండ్లింగ్", "లాజిస్టిక్స్", "ఎసెన్షియల్ కిట్" వంటి పేర్లతో వచ్చే రుసుములు. ప్రభుత్వానికి చెల్లించేవి కానందున వీటిలో ప్రతిదానికీ వివరణ అడిగే హక్కు, అక్కరలేనిదానిని నిరాకరించే హక్కు కొనుగోలుదారునికి ఉన్నవి. బేరానికి ఎక్కువ చోటు ఉన్నది ఇక్కడనే.

బేరం క్రమం

బేరానికి ఒక వరుస ఉన్నది. ముందుగా వాహనం ధర, తరువాత బీమా, ఆపైన రుణం, చివరకు పాత వాహనం మార్పిడి. ఈ నాలుగింటినీ కలగలిపి మాట్లాడితే ఒకచోట ఇచ్చిన రాయితీని మరొకచోట రాబట్టుకోవడం అమ్మకందారునికి సులభం. పాత బండికి లక్ష ఎక్కువ కట్టి, కొత్త బండిపై ఇవ్వవలసిన లక్షన్నర రాయితీని మింగివేయడం తెలిసిన పద్ధతియే. కనుక పాత బండికి ముందుగానే బయట ఇద్దరి చేత ధర కట్టించుకొని వెళ్ళాలి.

భువనేశ్వర్‌లో ఒకటి, విశాఖలో ఒకటి, వీలైతే మూడవది, లిఖితపూర్వకమైన కోటేషన్లు తీసుకోవాలి. ప్రతి అంశం విడివిడిగా ఉండాలి. నెలాఖరున, మూడు నెలల గడువు ముగిసేటప్పుడు, డిసెంబరులో అమ్మకాల లక్ష్యాలు చేరుకోవలసిన ఒత్తిడి ఉంటుంది గనుక రాయితీలు పెరుగుతాయి. అయితే డిసెంబరులో కొన్న వాహనం జనవరికి "గత సంవత్సరపు" బండి అవుతుంది. నాలుగేళ్ళ తరువాత అమ్మేటప్పుడు ఆ ఒక్క సంవత్సరం లెక్కకు వస్తుంది. రాయితీ ఆ నష్టాన్ని పూడ్చేటంతగా ఉంటేనే అంగీకరించాలి. చాసిస్ సంఖ్యను బట్టి తయారీ నెల అడిగి తెలుసుకోవాలి. నమోదు పత్రంలో ఆ నెల, సంవత్సరం ఎలాగూ కనబడతాయి.

అడ్వాన్సు చెల్లించేముందు బుకింగ్ రద్దయితే ఎంత వాపసు ఇస్తారో, అప్పగింతలోపు ధర పెరిగితే ఎవరు భరిస్తారో కాగితంపై వ్రాయించుకోవాలి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించిన నగదు స్వీకరించడాన్ని 2017 ఏప్రిల్ నుండి ఆదాయపు పన్ను చట్టం నిషేధించినది. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరగాలి.

వాయిదాల మాయ

ముప్పై లక్షల రుణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తగ్గుతున్న నిల్వపై 9 శాతం వడ్డీతో ఐదేళ్ళకు నెల వాయిదా సుమారు 62,275 రూపాయలు. మొత్తం వడ్డీ దాదాపు 7 లక్షల 37 వేలు. అదే రుణాన్ని ఏడేళ్ళకు పొడిగిస్తే వాయిదా సుమారు 48,267 రూపాయలకు దిగుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. కాని వడ్డీ 10 లక్షల 54 వేలకు పెరుగుతుంది. మూడు లక్షలకు పైగా అదనపు భారం ఆ "తక్కువ వాయిదా"లో దాగి ఉన్నది.

ఫ్లాట్ వడ్డీ మరొక మాయ. ముప్పై లక్షలపై ఐదేళ్ళకు 6 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ తొమ్మిది లక్షలు, వాయిదా 65,000 రూపాయలు. చెప్పిన సంఖ్య ఆరే అయినా, తగ్గుతున్న నిల్వ లెక్కలో అది సుమారు 10.8 శాతం వడ్డీతో సమానం. అందుచేత 9 శాతం చెప్పిన బ్యాంకు కంటె 6 శాతం చెప్పినవారే ఎక్కువ వసూలు చేస్తున్నారు. 2024 అక్టోబరు 1 నుండి కొత్త రుణాలకు ప్రధానాంశాల పత్రం ఇవ్వడం రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం తప్పనిసరి. అందులో రుసుములన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. పోల్చవలసినది ఆ ఒక్క సంఖ్యనే. ముందస్తు చెల్లింపుపై జరిమానా ఉన్నదా అన్నదీ అదే సమయంలో అడగాలి. స్థిర వడ్డీ రుణాలపై ఇది సాధారణంగా ఉంటుంది.

వ్యాపారుల విషయంలో మరొక మాట. సంస్థ పేరున కొన్నంత మాత్రాన స్వంత వాడుకకు కొన్న కారుపై జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు; జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ దానిని నిరోధిస్తున్నది. "పన్నంతా తిరిగి వస్తుంది" అన్న మాట నమ్మి బడ్జెట్ వేసుకోరాదు.

లీజు మేలా, కొనుగోలు మేలా?

లీజులో వాహనం సంస్థదే. వాడుకదారు రెండు నుండి ఐదేళ్ళ వరకు నెలనెలా కిరాయి చెల్లిస్తాడు. బీమా, నిర్వహణ తరచుగా అందులోనే కలిసి ఉంటాయి. పెద్ద మొత్తం ఒక్కసారిగా చిక్కుకుపోదు, తిరిగి అమ్ముకొనే తలనొప్పి ఉండదు. కాని వాహనంపై ఉన్న జీఎస్టీ రేటే కిరాయిపైనా వర్తిస్తుంది. కోటేషన్‌లోని కిరాయి పన్నుతోనా, పన్ను లేకనా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

పోలిక ఇలా చేయాలి. కొనుగోలులో నాలుగేళ్ళకు ధర, పన్నులు, వడ్డీ, బీమా, సర్వీసు కలిపి 82 లక్షలు అవుతుందని, చివరకు వాహనం 34 లక్షలకు అమ్ముడవుతుందని అనుకుందాం. అసలు ఖర్చు 48 లక్షలు, అంటే నెలకు లక్ష. లీజు కిరాయి పన్నుతో కలిపి నెలకు లక్షా ఇరవై వేలయితే నెలకు ఇరవై వేలు సౌకర్యానికి చెల్లిస్తున్నట్లు. ఆ సౌకర్యం అంత విలువైనదో కాదో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

లీజు ఒప్పందంలో కిలోమీటర్ల పరిమితి ఉంటుంది. బరంపురం నుండి వారానికొకసారి భువనేశ్వర్ వెళ్ళి వచ్చినా ఏడాదికి సుమారు 17,700 కిలోమీటర్లు. ఏటా 15,000 పరిమితి ఉన్న ఒప్పందం అక్కడే దాటిపోతుంది. అదనపు కిలోమీటరుకు ఎంత, గడువుకు ముందే వాహనం తిప్పి ఇస్తే జరిమానా ఎంత, తిప్పి ఇచ్చేటప్పుడు గీతలు, చొట్టల విలువ ఎవరు కడతారు అన్నవి సంతకానికి ముందే తేలాలి. లీజు వాహనం వేరొక రాష్ట్రపు నంబరుతో వస్తే ఒడిశా పన్ను ఎవరు కట్టాలో కూడా వ్రాయించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 2(30) సెక్షన్ ప్రకారం లీజు ఒప్పందం కింద వాహనాన్ని తన స్వాధీనంలో ఉంచుకొన్నవారే యజమానిగా పరిగణింపబడతారని మరువరాదు.

సరిహద్దు చిక్కు

బరంపురంలో ఇల్లు, ఇచ్ఛాపురంలోనో, సోంపేటలోనో బంధువులు ఉన్న కుటుంబాలు అనేకం. పన్ను ఏ రాష్ట్రంలో తక్కువో చూసి బంధువుల చిరునామాతో నమోదు చేయించే ఆలోచన ఇక్కడ సహజంగా పుడుతుంది. చట్టం మాత్రం స్పష్టం. యజమాని నివసించే, లేదా వ్యాపారం చేసే రాష్ట్రంలోనే నమోదు జరగాలి. ఒక రాష్ట్రపు వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం అక్కడ మరల నమోదు చేయించాలి. దానికి 48వ సెక్షన్ కింద నిరభ్యంతర పత్రం, కొత్త రాష్ట్రంలో పన్ను చెల్లింపు, పాత రాష్ట్రం నుండి వాపసుకు దరఖాస్తు, ఇవన్నీ కావాలి. తప్పుడు చిరునామా ఇచ్చినవారికి తనిఖీలో జరిమానా ఒక ఎత్తు; ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ ఆ చిరునామాను ప్రశ్నించడం మరొక ఎత్తు. లక్ష రూపాయల పన్ను మిగిల్చుకోబోయి అరవై లక్షల క్లెయిమును వివాదంలో పెట్టుకోవడం వివేకం కాదు.

విశాఖలో కొన్నా ఒడిశాలో నమోదు చేయించుకోవచ్చు. తాత్కాలిక నమోదుతో బండి తెచ్చి, గంజాం రవాణా కార్యాలయం ద్వారా ఓడీ 07 సంఖ్య పొందవచ్చు. ఫారం 20 దరఖాస్తు, ఫారం 21 అమ్మకపు పత్రం, ఫారం 22, బీమా, చిరునామా రుజువు అవసరం. రుణం ఉంటే ఆ వివరం నమోదు పత్రంలో చేరుతుంది. రుణం తీరిన తరువాత ఫారం 35తో తొలగించుకోవాలి.

బదిలీలు ఉండే ఉద్యోగులకు మరొక దారి ఉన్నది. 2021 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చిన బీహెచ్ సిరీస్‌లో సైనికులు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల సిబ్బంది, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలు గల ప్రైవేటు సంస్థల ఉద్యోగులు నమోదు చేయించుకోవచ్చు. గోపాల్‌పూర్ సైనిక శిక్షణ కేంద్రంలోను, ఛత్రపురం ఐఆర్‌ఈఎల్ కర్మాగారంలోను, బ్యాంకులలోను పనిచేసేవారికి ఇది ఉపయోగకరం. పన్ను రెండేళ్ళ చొప్పున కట్టవచ్చు. రాష్ట్రం మారినా తిరిగి నమోదు అక్కరలేదు.

బీమా: తుపాను తీరం

అమ్మకందారు చూపిన బీమానే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. మరో రెండు సంస్థల ధరలు తెచ్చి చూపితే చాలావరకు దిగివస్తారు. 2018 సెప్టెంబరు నుండి కొత్త కార్లకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. స్వంత నష్టపు బీమాను మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు.

ఈ తీరానికి అదనపు జాగ్రత్త కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరం దాటినవి. నీట మునిగిన బండిని స్టార్టు చేస్తే ఇంజనులోకి నీరు చేరి పాడవుతుంది. సాధారణ పాలసీ ఈ నష్టాన్ని తరచుగా భరించదు. ఇంజను రక్షణ, తరుగుదల లేని క్లెయిము, బిల్లు విలువ వాపసు అనే మూడు అదనపు రక్షణలు ఇక్కడ ఆడంబరాలు కావు. పాత ఖరీదైన వాహనం కొనేవారు కూడా అది వరదలో మునిగినదేమో సీట్ల కింద, తివాచీ అడుగున, సర్వీసు చరిత్రలో పరీక్షించాలి.

వాడుకకు తగిన బండి

డీజిలు ఎస్‌యూవీ ఊరిలోనే, గిరి రోడ్డు రద్దీలో రోజుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగితే పొగ వడపోత మసితో మూసుకుపోయే అవకాశం ఉన్నది. అది శుభ్రపడటానికి అప్పుడప్పుడు రహదారిపై నిలకడగా నడవాలి. తప్తపాణి, మోహన కనుమలకు తరచుగా వెళ్ళేవారికి నాలుగు చక్రాల చలనం ఉపయోగపడవచ్చు. మిగిలినవారికి అది అదనపు ధర. అధీకృత సర్వీసు కేంద్రం భువనేశ్వర్‌లోనే ఉంటే రానుపోను 340 కిలోమీటర్లు, ఒక రోజు వృథా. దారిలో బండి ఆగితే ఎంత దూరం వచ్చి తీసుకువెళ్తారో, పొడిగించిన వారంటీ ఎంతకు ఇస్తారో బేరంలోనే తేల్చుకోవాలి. ధర తగ్గించలేమన్న అమ్మకందారు సర్వీసు ప్యాకేజీని కలపడానికి అంగీకరించడం కద్దు.

పాత బండి అమ్మినప్పుడు ఫారం 29, 30 సమర్పించి పేరు మార్పు పూర్తయ్యేదాకా వెంటబడాలి. నమోదులో పేరు మారనంతవరకు ప్రమాదపు పరిహార బాధ్యత పాత యజమానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అన్యాయం జరిగితే వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 చట్టం ప్రకారం కొన్న ఊరికి వెళ్ళనక్కరలేదు. నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, ఆపైన రెండు కోట్ల వరకు కటక్‌లోని రాష్ట్ర కమిషన్ విచారిస్తాయి. అక్కడ నిలిచేది నోటిమాట కాదు, కాగితం. కోటేషన్, బుకింగ్ రసీదు, అప్పగింతనాటి ఛాయాచిత్రాలు, అమ్మకందారు పంపిన సందేశాలు భద్రపరచుకొన్నవారికే న్యాయం సులభం. తాళం చేతికి అందుకొనే ముహూర్తం కంటె, సంతకానికి ముందు కాగితాలు ఇంటికి తెచ్చుకొని నలుగురూ కూర్చొని చదివిన ఆ ఒక్క సాయంత్రమే కుటుంబానికి ఎక్కువ మేలు చేస్తుంది.