ముందు మాట్లాడుకోండి... తర్వాతే కోర్టు!

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడంటారు. ఐరోపా వ్యాపారులకూ ఈ మాట అతికినట్టు సరిపోతుంది. పోలండ్ నుంచి కుర్చీలు తెప్పించుకున్న ఇటలీ దుకాణదారుకి సగం సరుకు విరిగి చేరిందనుకోండి. ఏ దేశం కోర్టుకెళ్లాలి? ఏ భాషలో వాదించాలి? తీర్పు వచ్చేదాకా దుకాణం నిలబడుతుందా?

ఈ బాధ తప్పించాలనే యూరోపియన్ యూనియన్ 2008లో మధ్యవర్తిత్వంపై ఓ ఆదేశం తెచ్చింది. ఈ మధ్యవర్తి మన రచ్చబండ పెద్దమనిషిలా తీర్పు చెప్పడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు, అంతే. కుదిరిన రాజీని కాగితంమీద పెట్టుకుని, ఇద్దరూ సరేనంటే కోర్టు తీర్పులాగే అమలు చేయించుకోవచ్చు. చర్చలు సాగుతుండగా దావా గడువు దాటిపోతుందన్న భయమూ లేదు.

ఇన్ని వెసులుబాట్లున్నా జనం రాలేదు! నూటికి ఒక్క కేసైనా మధ్యవర్తి దాకా వెళ్లడం లేదని 2014లో ఐరోపా పార్లమెంటు చేయించిన అధ్యయనం తేల్చింది.

ఇటలీ మాత్రం పట్టుబట్టింది. బ్యాంకు, ఇన్సూరెన్స్, అద్దెల్లాంటి తగాదాల్లో ముందు మధ్యవర్తిని కలవాల్సిందేనని 2011లో షరతు పెట్టింది. లాయర్లు సమ్మెకి దిగారు. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ షరతును కొట్టేసింది. బలవంతం తప్పని కాదు, పార్లమెంటు ఇచ్చిన అధికారాన్ని ప్రభుత్వం మీరిందని! 2013లో అదే షరతు కాస్త మెత్తబడి తిరిగొచ్చింది. మొదటి సమావేశానికి వస్తే చాలు, నచ్చకపోతే లేచి వెళ్లొచ్చన్నారు. పక్కన లాయరూ ఉండాలన్నారు. అలా సమ్మె చేసినవాళ్లకీ చోటు దొరికింది.

ఆ తర్వాత, లేచి వెళ్లకుండా చర్చ కొనసాగించినవాళ్లలో సగానికి దగ్గరగా రాజీపడ్డారు. చిక్కల్లా అవతలివాళ్లు అసలు రాకపోతేనే.