మిగిలిన మాత్రలు ఊరికి తేవద్దు

మన పల్లెల నుంచి వెళ్లి హైదరాబాదు ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు ఎందరో. హాస్టల్లో జ్వరం వస్తే గేటు దాటి తార్నాక వెళ్లి డాక్టరుకు చూపించుకుంటారు. ఆయన అయిదు రోజులకు యాంటీబయోటిక్ రాస్తారు. మూడో రోజుకే ఒళ్లు తేలికపడుతుంది. మిగిలిన మాత్రలు పెట్టెలో పడి సెలవులకు ఊరు చేరతాయి. ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే, "పట్నం మందు, వేసుకో" అని చేతిలో పెడతారు.

జలుబు వైరస్ వల్ల వచ్చేది. యాంటీబయోటిక్ దాన్నేమీ చేయలేదు, బాక్టీరియా మీదే పనిచేస్తుంది. అనవసరంగా వాడినకొద్దీ మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. రేపు నిమోనియా వంటిది వచ్చిన రోజున అదే మందు పనికిరాకుండా పోవచ్చు. అందుకే డాక్టరు చెప్పినన్ని రోజులూ, చెప్పిన వేళకే వేసుకోవాలి.

పాలతో మింగితే మంచిదనుకుంటారు కొందరు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది కుదరదు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనలకు పెద్ద, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! పాలలోని కాల్షియం, రక్తం పట్టడానికిచ్చే ఐరన్ మాత్ర ఈ మందును ఒంటికి సరిగా అందనివ్వవు. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. మింగగానే పడుకోరాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు సాధారణంగా ఇవ్వరు.

మెట్రోనిడజోల్ వాడుతుంటే కల్లు, సారా ముట్టరాదు. ఆపాక కూడా మూడు రోజులు ఆగాలి.

ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు మాత్రలు కలిపి వేసుకోకండి. దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు కనబడితే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.