మీకు తెలుసా? పచ్చబడిన చెరువులో పెద్ద విందే నడుస్తుంది!

ఒంగోలు కుళాయిల్లోకి రాకముందు సాగర్ కుడికాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో ఆగుతాయి కదా! అలాంటి నిలవ నీళ్లు, శుద్ధి చేయకముందు, ఒక్క టీ చెంచాడు తీసుకోండి. అందులో బాక్టీరియా ఎన్ని ఉంటాయో చెప్పగలరా? మామూలు రోజుల్లోనే సుమారు 50 లక్షలు! 2011 జనాభా లెక్కల్లో పాత గుంటూరు జిల్లా జనం మొత్తం కలిపి దాదాపు అంతే. అంటే చెంచాలో జిల్లాను ఎత్తేశారన్నమాట!

చెరువు మీద పచ్చరంగు ఒలకబోసినట్టు తేలే తెట్టు చూశారా? దాన్ని పాచి అనో, నాచు అనో అంటాం. చాలాసార్లు అది అసలు నాచే కాదు! అదీ బాక్టీరియానే! పేరు సైనోబాక్టీరియా. ఎండే దాని వంట చెరకు. ఒంట్లో గాలి తిత్తులు నింపుకుని హాయిగా పైకి తేలుతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టింది దీని పూర్వీకులే! చెరువు రేవులో విసుక్కుంటూ బిందెతో పక్కకు నెట్టేది ఇంత పెద్దమనిషిని!

ఈ పాచి పెరగాలంటే భాస్వరం కావాలి. మిరపకూ పత్తికీ వేసే 50 కిలోల డీఏపీ బస్తానే తీసుకోండి. అందులో అసలు భాస్వరం 10 కిలోలే. ఆ పది కిలోలూ చెరువులో పడి, పాచి దాన్ని పూర్తిగా వాడుకుంటే ఎంత పెరుగుతుందో లెక్కేశాను. ఆరబెట్టి తూచినా టన్ను దాటింది! గుంటూరు యార్డు భాషలో పాతిక మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు! బస్తా మొత్తం చెరువులో పడదు లెండి. కానీ ఎరువు చల్లిన మర్నాడే జడివాన పడితే కొంతైనా జారిపోతుంది.

ఇక విందు మొదలు! పాచి కణం చక్కెరల్లాంటివి కారుస్తూ ఉంటుంది. ఆ తీపి బాక్టీరియాకు ఇట్టే తెలిసిపోతుంది. తోకలు ఆడించుకుంటూ ఈదుకొచ్చి మూగుతాయి. బెల్లం అచ్చుకు చీమలు పట్టినట్టే! ఉత్తి చేతులతో వస్తాయనుకున్నారా? కొన్ని బి12 విటమిన్ కట్నంగా తెస్తాయి! 2005లో శాస్త్రవేత్తలు 326 రకాల నాచుల చిట్టా తిరగేశారు. అందులో సగానికి పైగా బి12 లేనిదే బతకలేవట!

విందు ముదిరితే రచ్చే. పాచి చచ్చిందా, కుళ్లబెట్టే బాక్టీరియా ఎగబడతాయి. తింటూ తింటూ నీళ్లలోని ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. 30 డిగ్రీల నీళ్లలో మామూలుగా కరిగి ఉండేదే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు! తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుస్తూ పైకి రావడానికి ఇదీ ఒక కారణం. నిజాంపట్నం వైపు రొయ్యల రైతును అడిగి చూడండి. ‘డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది’ అన్న మాట వింటే చాలు, నిద్ర ఎగిరిపోతుంది!

కొన్ని పాచుల్లో విషం కూడా ఉంటుంది. పేరు మైక్రోసిస్టిన్. నీళ్లు కాచినా పోదు! ఉంగరంలా చుట్టుకున్న గట్టి పదార్థం మరి. కానీ దానికీ ఒక మొగుడున్నాడు! స్ఫింగోమోనాస్ జాతి బాక్టీరియా ఒకటి ఆ ఉంగరాన్ని ఒకే ఒక్కచోట తెంపుతుంది. అంతే, విషం జోరు 160 రెట్లు పడిపోతుంది! ఈ గుట్టు 1996లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు విప్పారు.

ఇంత గొడవెందుకు, మైలుతుత్తం కొట్టేస్తే పోలా? ఆగండాగండి! ఆస్ట్రేలియాలోనే పామ్ ఐలాండ్‌లో 1979లో ఆ పనే చేశారు. పాచి కణాలు పగిలి, లోపలి విషమంతా తాగేనీళ్లలో కలిసిందని తర్వాత తేల్చారు. 148 మంది జబ్బు పడ్డారు. ఎక్కువమంది పిల్లలే!

బాక్టీరియాలో రక్తపిశాచి ఉందంటే నమ్ముతారా? వాంపైరోవిబ్రియో! మంచినీటి పచ్చనాచు కణానికి అతుక్కుని, లోపలి సారమంతా పీల్చేసి, ఉత్త తొక్క వదిలేస్తుంది. 1972లో దీని సంగతి బయటికొచ్చింది. తర్వాత ల్యాబుల్లో ఎక్కడా బతికి లేకుండా పోయింది! ఎండబెట్టి సీసాలో దాచిన పాత నమూనా మాత్రం మిగిలింది. అలా దాచిన 36 ఏళ్ల తర్వాత దాన్ని తెరిచి జన్యువులు చదివారు. ఏం తేలిందో తెలుసా? ఈ పిశాచి ఎవరో కాదు, సైనోబాక్టీరియాకు దాయాదే!

చివరగా వాసన సంగతి. తొలకరి చినుకు నల్లరేగడి మీద పడగానే గుప్పుమనే మట్టివాసన ఉందే, అందులో ముఖ్యమైనది జియోస్మిన్. కుళాయి నీళ్లు ఒక్కోసారి బురద వాసన కొట్టేదీ దీనివల్లే! పొలంలో దాన్ని చేసేదీ బాక్టీరియా, చెరువులో చేసేదీ బాక్టీరియా. లీటరు నీళ్లలో గ్రాములో 20 కోట్లవ వంతు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది! మరి దాన్ని పోగొట్టేదెవరు? ఇసుక ఫిల్టరు పైపొరలో జిగటగా కాపురమున్న ఇంకో రకం బాక్టీరియా! పొలంలో మనం పరవశించిపోయే ఆ పరిమళం వాటికి పూటభోజనం!