పదిహేను నిమిషాలు ముందు బయలుదేరుదాం



ఒకప్పుడు మన పల్లెల్లో పని అంటే పొలమే. ఇంటి నుండి పొలానికి నడక, లేదంటే ఎడ్లబండి. ఇప్పుడు కోడి కూయకముందే మన పిల్లల బండ్లు హైవే ఎక్కుతున్నాయి. నూలు మిల్లుకు, బట్టల కొట్టుకు, ఆసుపత్రి డ్యూటీకి, ప్రైవేటు పాఠశాలకు, తాపీ పనికి వెళ్ళేవారు ప్రతి సంఘములోను ఉన్నారు. చిలకలూరిపేట నుండి గుంటూరుకు సుమారు 40 కి.మీ. రానుపోను 80. పని దొరికిందని స్తోత్రము చెప్పిన ఇంట్లోనే, నెలాఖరుకు “జీతములో ఇంత సొమ్ము పెట్రోలుకే పోయిందేమిటి?” అనే మాట వినబడుతుంది.

మన రాష్ట్రాలలో లీటరు పెట్రోలు 2021లో 100 రూపాయలు దాటింది. ఆ ధర మన చేతిలో లేదు. అయితే ఒక లీటరుతో ఎంత దూరము వెళ్ళగలమన్నది చాలావరకు మన చేతిలోనే ఉన్నది. దేవుడు మనకిచ్చిన సొమ్ముకు మనము గృహనిర్వాహకులమే గాని యజమానులము కాము. అయిదువేలమందికి ఆహారము పెట్టిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను పారవేయనీయక గంపలకెత్తించాడు (యోహాను 6వ అధ్యాయము). రొట్టెలను అంతగా విస్తరింపజేసిన ఆయనే ముక్కలను లెక్కచేశాడు. అలాంటప్పుడు చెమటోడ్చి సంపాదించుకొనే మనము ఇంకెంత లెక్కచేయాలి?

ముందుగా లెక్క

“అయ్యగారూ, నా బండి మైలేజీ ఇవ్వడం లేదండి” అని మాతో చెప్పేవారు చాలామంది. “ఎంత ఇస్తుంది?” అని అడిగితే మాత్రము జవాబు ఉండదు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14వ అధ్యాయము) ఇక్కడ కూడా మనకు పనికివస్తుంది.

లెక్క సులువే. ఒక రోజు ట్యాంకు నిండుగా కొట్టించి, మీటరులో కిలోమీటర్లు ఒక చిన్న పుస్తకములో వ్రాసుకోండి. నాలుగైదు రోజులు తిరిగి, మరల అదే బంకులో అంతే నిండుగా కొట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగించండి. 312 కి.మీ. తిరిగాక 5.2 లీటర్లు పట్టితే, మీ బండి లీటరుకు 60 ఇచ్చినట్లు. ముల్లు చూసి, 100 రూపాయలకు కొట్టించి అంచనా వేస్తే తప్పుతుంది.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. రోజుకు 80 కి.మీ. చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 2,000 కి.మీ. లీటరుకు 50 ఇచ్చే బండికి 40 లీటర్లు కావాలి. అదే బండి 60 ఇస్తే 33 లీటర్ల పైచిలుకు చాలు. నెలకు ఆరున్నర లీటర్లకు పైగా, సంవత్సరానికి 80 లీటర్లు మిగులుతాయి. అంటే 8,000 రూపాయలకు తక్కువ కాని సొమ్ము. పిల్లల పుస్తకాలకు, పెద్దవారి మందులకు, ప్రభువు పనికి ఇవ్వదలచిన కానుకకు ఇది చిన్న మొత్తమేమీ కాదు.

గాలితో కుస్తీ వద్దు

ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి గాలి బలమేమిటో తెలుసు. బండి వేగము పెరిగినకొద్దీ ఆ ఎదురుగాలిని మనమే పుట్టించుకుంటాము. వేగము రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 50లో వెళ్ళేవాడు 70కి పెంచితే గాలి అడ్డు దాదాపు రెండింతలు. ఆ అడ్డును చీల్చుకొని పోవడానికే పెట్రోలు ఖర్చవుతుంది. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ అనే ప్రభుత్వ సంస్థ గంటకు 45 నుండి 55 కి.మీ. మధ్య వేగము ఇంధన పొదుపుకు మంచిదని చెబుతూ వస్తున్నది. మన ఊళ్ళలో ఎక్కువగా కనబడే 100, 125 సి.సి. బండ్లకు ఇది చక్కగా సరిపోయే మాట.

“అంత నెమ్మదిగా వెళ్తే డ్యూటీకి అందుకోలేము” అంటారు మన యౌవనస్థులు. అదీ లెక్క చూద్దాం. 40 కి.మీ. దూరము 50 వేగముతో 48 నిమిషాలు. 70 వేగముతో 34 నిమిషాలు. తేడా 14 నిమిషాలే. పెట్రోలును తినివేసేది ఆ 14 నిమిషాల తొందర. పదిహేను నిమిషాలు ముందు బయలుదేరితే ఆ తొందరకు పనే లేదు.

యెహూ అనే రాజును గూర్చి మీరు చదివియుంటారు. కావలివాడు దూరమునుండే, మనిషి ముఖము కనబడకముందే, రథము తోలే వెఱ్ఱి వేగమును బట్టి అతనిని గుర్తుపట్టాడు (2 రాజులు 9వ అధ్యాయము). మనలను ఊరివారు బండి తోలే తీరును బట్టి గుర్తుపట్టితే అది మనకు సాక్ష్యముగా ఉండాలి గాని నిందగా ఉండకూడదు.

వేగము ఎంత అన్నది ఒకటి. అది నిలకడగా ఉండడము మరొకటి. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పి, ముందున్న ఆటో దగ్గరకు పోయి, గట్టిగా బ్రేకు వేసేవాడు డబ్బిచ్చి కొన్న పెట్రోలును బ్రేకులో కాల్చివేస్తున్నాడు. ముందుచూపుతో నడపండి. దూరములో రద్దీ కనబడగానే యాక్సిలరేటర్ వదిలితే బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. గేర్లు త్వరగా మార్చుకొని టాప్ గేరులో సాగనివ్వండి. అయితే ఇంజను గుంజుకుంటూ వణికేటంత తక్కువ వేగములో టాప్ గేరు వద్దు. హాఫ్ క్లచ్ పట్టడము, కాలు బ్రేకు పెడలు మీదే ఉంచడము మానుకోండి. రైల్వే గేటు దగ్గర, పొడవైన సిగ్నలు దగ్గర ఇంజను ఆపండి. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు రోడ్డుకు ఎడమ ప్రక్కనే ఉండండి. సర్వీసు రోడ్డు ఉన్నచోట దానిని వాడుకోండి.

నోరులేని బండి

నీతిమంతుడు తన పశువు బాగోగులు చూసుకుంటాడని సామెతల గ్రంథము చెబుతుంది (12వ అధ్యాయము). మన తాతలు ఎద్దుకు దాణా పెట్టకుండ, నాడాలు చూడకుండ బండి కట్టేవారు కాదు. ఇనుప బండికి కూడా ఆ శ్రద్ధ కావాలి.

మొదటిది గాలి. టైరులో గాలి తగ్గితే బండి ఇసుకలో నడిచినట్లు బరువుగా నడుస్తుంది. ఎంత గాలి ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకములో ఉంటుంది. చాలా బండ్లకు చైను కవరు మీద స్టిక్కరు కూడా ఉంటుంది. వెనుక మనిషిని ఎక్కించుకొనేవారికి వెనుక టైరు లెక్క వేరు. వారానికొకసారి ఉదయము, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. ఎండలో నడిచి వేడెక్కిన టైరు ఉన్నదానికంటె ఎక్కువ చూపిస్తుంది.

రెండవది చైను. ఎండిపోయి, మట్టి పట్టిన చైను ఇంజను బలమును మింగివేస్తుంది. సుమారు 500 కి.మీ.కొకసారి తుడిచి నూనె పెట్టండి. వానలో నానితే ఆ సాయంత్రమే చేయండి. చైను మరీ బిగువుగాను మరీ వదులుగాను ఉండకూడదు.

మూడవది బ్రేకు. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఉంచి వెనుక చక్రమును చేతితో తిప్పండి. తేలికగా నాలుగు చుట్లు తిరగకుండ వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టుకుంటున్నదని అర్థము. దినమంతా బ్రేకు వేసుకొని 80 కి.మీ. తిరుగుతున్నట్లే.

నాలుగవది ఎయిర్ ఫిల్టర్, ఇంజను ఆయిలు. కంకర లారీల దుమ్ములో తిరిగేవారు ఫిల్టరును పుస్తకములో చెప్పినదానికంటె ముందే చూపించుకోవాలి. నూనె పూసిన కాగితపు ఫిల్టరునైతే ఊది తిరిగి పెట్టకూడదు, మార్చవలసినదే.

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. పెట్రోలును కొలిచి పంపే పని ఒక చిన్న కంప్యూటరు చేస్తుంది. వీటిని స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పనక్కరలేదు. నిలబెట్టి అయిదు నిమిషాలు వేడి చేయనక్కరలేదు. స్టార్టయిన వెంటనే మెల్లగా కదిలితే చాలు.

బంకులో వచ్చిన మార్పు

“బండి మునుపటిలా ఇవ్వడం లేదు” అనేవారి మాటలో కొంత నిజమున్నది. 2025 నాటికి మన బంకులలో 20 శాతము ఎతనాల్ కలిసిన పెట్రోలు దేశమంతట అందుబాటులోనికి వచ్చింది. ఎతనాల్‌లో ఉన్న శక్తి, అంతే కొలత పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ. అందుకు తగినట్లు తయారుకాని పాత ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 శాతము మైలేజీ తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. అంటే 60 ఇచ్చే బండి 58 ఇవ్వవచ్చును. కాబట్టి ఆ రెండు కిలోమీటర్ల కొరకు మెకానిక్‌తో తగాదా పడనక్కరలేదు. 60 ఇచ్చేది 45కి పడిపోతే మాత్రము లోపము బండిలోనో మన చేతిలోనో ఉన్నది. పాత బండ్లకు రబ్బరు గొట్టాలు గట్టిపడ్డాయేమో సర్వీసులో చూపించుకోండి.

పొదుపు కాని పొదుపు

కొందరు పల్లములో ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారవిడుస్తారు. ఇది ప్రమాదకరము. అవసరము పడినప్పుడు ఇంజను బలము చక్రానికి అందదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కొత్త బండ్లలో చాలావాటికి, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దానంతట అదే ఆగుతుంది. కాబట్టి ఈ సాహసమువలన లాభము కూడా లేదు.

మరికొందరు గాలి తగలకుండ లారీ వెనుకనే అంటుకొని వెళ్తారు. లారీవాడు బ్రేకు వేస్తే ఆగడానికి మనకు చోటుండదు. రోడ్డు మీద గుంట ఉన్నా కనబడదు. పాత బండికి కార్బురేటరులో పెట్రోలు మరీ తగ్గించి పెట్టిస్తే ఇంజను వేడెక్కి, మిగిలినదానికంటె ఎక్కువ మరమ్మతుకు పోతుంది. అరిగిన టైరుతో నెట్టుకురావడము, హెల్మెటు కొనకపోవడము పొదుపు కాదు. అది అప్పు. దాని వడ్డీ ఇల్లాలు, పిల్లలు కడతారు.

కలిసి వెళ్దాం

అన్నిటికంటె పెద్ద పొదుపు బండి తీయకపోవడమే. ఒకే వీధి నుండి ఒకే మిల్లుకు ఇద్దరు రెండు బండ్ల మీద వెళ్ళడము చూస్తూనే ఉన్నాము. ఈ వారము నీ బండి, వచ్చే వారము నా బండి అనుకుంటే ఇద్దరికీ దాదాపు సగము ఖర్చు మిగులుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోను పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైంది. వేళ కుదిరినచోట మన అక్కచెల్లెండ్రు ఆ బస్సులు వాడుకుంటే ఇంట్లో ఒక బండి ఖర్చు తగ్గుతుంది.

సంఘ పెద్దలకు ఒక మాట

హైవే ప్రక్కన సంఘములను కాయు కాపరులందరికి అర్ధరాత్రి వచ్చే ఫోను అంటే భయమే. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్ళినవారే. మొత్తము మరణాలలో 70 శాతానికి పైగా అతివేగము ఖాతాలోనే వ్రాయబడినవి. అంటే పెట్రోలును తాగే తొందర, మన పిల్లలను పొట్టనబెట్టుకొనే తొందర రెండూ ఒకటే. దానిని తగ్గించితే రెండు విధాల మిగులుతుంది. మిగిలిన పెట్రోలుకు వెలకట్టవచ్చును గాని, మిగిలిన మనిషికి వెలలేదు.

ఇందులో సంఘమునకు కూడా బాధ్యత ఉన్నది. గృహకూడిక రాత్రి పది దాటేవరకు సాగితే, తెల్లవారు జామున డ్యూటీకి వెళ్ళే తమ్ముడు నిద్ర చాలక, ఆలస్యముగా లేచి, ఆ ఆలస్యమును రోడ్డు మీద తీర్చుకుంటాడు. షిఫ్టు దిగి సాయంత్రపు ప్రార్థనకు వచ్చేవారు పది నిమిషాలు ఆలస్యమైతే వేదిక మీదనుండి చురక వేయవద్దు. ఆ చురకకు భయపడి రేపు 80లో వస్తాడు. వేళకు మొదలుపెట్టి వేళకు ముగించుదాము. ఆలస్యమైనవారికి ప్రక్కన చోటిద్దాము.

గృహిణులారా, తల్లులారా, మీ సహాయము కూడా కావాలి. క్యారియరు పదిహేను నిమిషాలు ముందు సిద్ధమైతే, బండి పదిహేను నిమిషాలు ముందు కదులుతుంది. దానికి ముందు ఇంటిల్లిపాది రెండు నిమిషాలు ప్రార్థన చేసుకోవడానికి కూడా వేళ దొరుకుతుంది.

మీ రాకపోకలన్నిటిలో ప్రభువు మీకు తోడైయుండి, మీ కష్టార్జితమును ఆశీర్వదించి, సాయంకాలమున మిమ్మును క్షేమముగా మీ ఇండ్లకు చేర్చును గాక. ఆమేన్.