కోడి లేని కుంపటి

తన కోడీ, కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని భ్రమపడిన ముసలమ్మ కథ తెలియని తెలుగువారు ఉండరు. అలిగి ఆ రెండింటినీ తీసుకొని ఆమె ఊరు విడిచి వెళ్ళినా ఊరికి తెల్లవారనే తెల్లవారింది. ఊరు విడిచి వచ్చిన మనలో కూడా కొందరు ఇటీవల మళ్ళీ కోడినీ, కుంపటినీ చేరదీస్తున్నారు. 2022 నుండి అమెరికాలో వ్యాపించిన పక్షుల ఫ్లూ వలన కోట్లాది కోళ్ళు నశించాయి. 2025 ఆరంభంలో గుడ్ల ధరలు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. పెరట్లో నాలుగు కోళ్ళను పెంచుకుందామన్న ఆలోచన అనేక కుటుంబాలకు కలిగింది. మా ఇంటికి మొదటి ఆరు కోడిపిల్లలు వచ్చినది ఆ వసంతంలోనే.

ఈ వ్యాసానికి కారణం మాత్రం నేను చేసిన ఒక పొరపాటు. ఆ ఆరు పిల్లలు వచ్చిన రెండు వారాలకు, మా అమ్మాయి కోరికపై, ఒక్కరోజు వయసు గల మరి నాలుగింటిని తెచ్చి అదే పెట్టెలో వదిలాను. తెల్లవారేసరికి ఒకటి చనిపోయి ఉన్నది. మరొకదాని వీపుపై నూగు ఊడిపోయి నెత్తురు చిమ్ముతున్నది. "పెద్దవి చిన్నదాన్ని ఎందుకు చంపాయి నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకగా తెలిసినదేమిటంటే, తప్పు ఆ పెద్ద పిల్లలది కాదు, నాది.

తల్లికోడి చేసే పని

కోడి 21 రోజులు గుడ్లను పొదుగుతుందని మనకు తెలిసినదే. గుడ్డు నుండి వెలువడే ముందు, మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోనికి చేరుతుంది. ఆ నిలువతో అది రెండు మూడు రోజులు మేత లేకున్నా బ్రతుకగలదు. అమెరికా తపాలా శాఖ 1918 నుండి ఒక్కరోజు వయసు పిల్లలను పెట్టెలలో చేరవేయగలుగుతున్నది ఈ ప్రకృతి ఏర్పాటు వలననే.

అయితే వేడి విషయంలో అటువంటి నిలువ ఏదీ లేదు. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 106 డిగ్రీల ఫారన్‌హీట్. పిల్ల ఒంటిమీద ఉన్నది ఈకలు కావు, పలుచని నూగు మాత్రమే. తొలి దినాలలో అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. అందుకే మాటిమాటికీ తల్లి రెక్కల కిందికి పరుగెత్తుతుంది. ఒంటినిండా ఈకలు రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది.

తల్లి చేసే పని వేడినివ్వడం ఒక్కటే కాదు. గద్ద నీడ కనిపిస్తే హెచ్చరిస్తుంది, మేతను చూపిస్తుంది, తన పిల్లల జోలికి వచ్చిన కోళ్ళను తరిమికొడుతుంది. మనం పెట్టే దీపం వేడిని మాత్రమే ఇస్తుంది. మిగిలిన బాధ్యత అంతా పెంచేవారిదే. నేను మరచినది ఈ సంగతినే.

బ్రూడర్ అమరిక

తల్లి లేని పిల్లలను వెచ్చగా ఉంచే ఏర్పాటునే బ్రూడర్ అంటారు. మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీట్, అనగా 35 డిగ్రీల సెంటిగ్రేడ్ ఉండాలి. తరువాత వారానికి 5 డిగ్రీల ఫారన్‌హీట్ చొప్పున తగ్గిస్తూ పోవాలి. దీపాన్ని నడుమ కాక ఒక చివర అమర్చడం మంచిది. అప్పుడు ఒకవైపు వెచ్చగా, మరొకవైపు చల్లగా ఉండి, తనకు కావలసిన చోటును ప్రతి పిల్లా తానే ఎంచుకుంటుంది.

థర్మామీటర్ కంటె పిల్లలే బాగా చెబుతాయి. దీపం కింద గుంపుగా ముడుచుకొని గట్టిగా అరుస్తుంటే చలి ఎక్కువైనట్లు. దూరంగా గోడలకు చేరి నోరు తెరచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్లు. అన్నీ ఒకే పక్కకు ఒదిగితే ఎటునుండో చలిగాలి వస్తున్నట్లు. పెట్టె అంతటా పరచుకొని తింటూ, నిద్రిస్తూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్లు.

పెట్టె గుండ్రంగా ఉంటే మంచిది. మూలలు ఉంటే చలికి పిల్లలు అక్కడ ఒకదానిపై ఒకటి ఎక్కి, అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి. మొదట పిల్లకు అర చదరపు అడుగు చోటు చాలును. నెల దాటేసరికి ఒక చదరపు అడుగైనా కావాలి. అడుగున మన ప్రాంతంలో వరి ఊక పరుస్తారు. ఇక్కడ పైన్ చెక్క పొట్టు దొరుకుతుంది. ఒట్టి వార్తాపత్రికలు పరిస్తే కాళ్ళు జారి, ఎడంగా విచ్చుకొని, పిల్ల అవిటిదయ్యే ప్రమాదమున్నది. నీళ్ళ పాత్రలో గోలీలు వేస్తే పిల్లలు మునిగిపోవు.

దీపం గురించి ఒక హెచ్చరిక. 250 వాట్ల దీపం పొట్టుపై పడితే ఇల్లు అంటుకుంటుంది. కొక్కెమొక్కటే నమ్ముకోక, గొలుసుతో కూడా కట్టాలి. దీపానికి బదులుగా, తల్లి రెక్కల వలె పిల్లలు కిందకు దూరే వేడిపలకలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి చాలా మేలు. బొగ్గుల కుంపటిని మాత్రం మూసిన గరాజులో పెట్టరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు మనుషులకు కూడా ప్రాణాంతకం.

పొడుచుకునే వరుస

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వద్దాము. నార్వే దేశీయుడైన థోర్‌లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె బాల్యం నుండే కోళ్ళను గమనిస్తూ వచ్చి, 1920 దశకం ఆరంభంలో తన పరిశీలనలను ప్రకటించాడు. ప్రతి మందలోనూ ఎవరు ఎవరిని పొడవవచ్చునన్న వరుస ఒకటి ఉంటుందనీ, కోళ్ళు ఒకదానినొకటి గుర్తుపట్టి ఆ వరుసను పాటిస్తాయనీ ఆయన నిరూపించాడు. వరుస స్థిరపడిన మందలో పోట్లాటలు తగ్గుతాయి. కొత్తది వస్తే ఆ వరుస చెదిరి, తిరిగి తేల్చుకోవలసి వస్తుంది. రెండు వారాల పిల్లలలో ఈ వరుస ఇంకా పూర్తిగా ఏర్పడదు. కాని తోటివారెవరో, కొత్తవారెవరో వాటికి అప్పటికే తెలుస్తుంది. పైగా అవి ఒక్కరోజు పిల్ల కంటె ఎన్నో రెట్లు బలమైనవి. నెత్తురు కనిపిస్తే ఆ ఎరుపుకు ఆకర్షింపబడి అన్నీ అక్కడనే పొడుస్తాయి. గాయపడిన పిల్లను వెంటనే వేరుచేయాలి అనడానికి కారణమిదే.

వేరొక చిక్కు కూడా ఉన్నది. ఒక్కరోజు పిల్లకు 95 డిగ్రీలు కావలసి ఉండగా, రెండు వారాల పిల్లకు 85 డిగ్రీలు చాలును. ఇద్దరికీ ఒకే వేడి సరిపడదు. పెద్ద పిల్లల రెట్టలో కాక్సిడియా అనే పరాన్నజీవులు ఉండవచ్చు. వాటికి క్రమంగా అలవాటుపడిన పెద్దవాటికి ఏమీ కాకున్నా, చిన్నవాటికి రక్తవిరేచనాలు పట్టుకుంటాయి.

కలిపే పద్ధతి

వయసు తేడా నాలుగైదు రోజులే అయితే, దగ్గర ఉండి కనిపెడుతూ నేరుగా కలపవచ్చు. అంతకు మించితే మొదట వేరే పెట్టెలో, వేరే దీపం కింద పెంచాలి. కొత్తవి చురుకుగా తిని తిరుగుతున్నాయని నిశ్చయమయ్యాక, రెండింటి నడుమ సన్నని తీగె వలను అడ్డుపెట్టాలి. ఒకరినొకరు చూడగలగాలి, పొడవలేకపోవాలి. ఒకటి రెండు వారాలు ఇలా గడచి, పరిమాణంలో తేడా తగ్గిన తరువాత, పగటివేళ మనం ఎదుట ఉండగా కొద్దిసేపు కలిపి చూడాలి. మేతపాత్రలూ, నీళ్ళపాత్రలూ రెండేసి చోట్ల పెట్టాలి. చిన్నవి మాత్రమే దూరగల కంత ఉన్న చిన్న పెట్టె ఒకటి లోపల ఉంచితే వాటికి తలదాచుకునే చోటు దొరుకుతుంది. ఒక్కదానినే ఎన్నడూ కలపరాదు. రెండు మూడింటిని కలిపితే దాడి ఒక్కదానిపైనే పడదు.

గుడ్లు పెట్టే కోళ్ళతో కలపాలంటే, పిల్లలకు ఈకలు నిండి, దాదాపు సమాన పరిమాణం వచ్చేవరకు ఆగాలి. గుడ్లకోళ్ళ మేతలో సున్నపు పదార్థం అధికం. అది పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. కలిసి ఉన్నంతకాలం అందరికీ ఎదిగే పిల్లల మేతనే పెట్టి, పెద్దవాటికి ఆల్చిప్పల పొడి వేరుగా ఉంచాలి.

ఈ సంగతి ఫోనులో మా అమ్మకు చెప్పినప్పుడు, "పొదుగుకోడి ఉంటే ఇంత తిప్పలు లేదురా. చీకటి పడ్డాక దాని కింద పెడితే తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుంది" అన్నది. ఇందులో శాస్త్రమున్నది. చీకటిలో కోడికి చూపు ఆనదు. కనుక కొత్త పిల్ల అని గుర్తించి పొడవదు. అయితే పిల్ల వయసు ఒకటి రెండు రోజులే ఉండాలి. 1873లో డగ్లస్ స్పాల్డింగ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పిల్లల కళ్ళకు ముసుగు వేసి పరీక్షించాడు. త్వరగా ముసుగు తీసినవి తన వెంట నడిచాయనీ, నాలుగు రోజులకు తీసినవి తనను చూసి భయంతో పారిపోయాయనీ వ్రాశాడు. ఆ గడువు దాటిన పిల్ల కొత్త తల్లిని కూడా అంగీకరించడం కష్టం.

చివరగా ఒక ఆరోగ్య సూచన. ఎంత ముచ్చటగా ఉన్నా, కోడిపిల్లల వలన సాల్మొనెల్లా సోకవచ్చు. ముట్టుకున్న వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అయిదేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వరాదు. వంటింటిలో బ్రూడర్ పెట్టరాదు. తెచ్చే ముందు మీ ఊరి మునిసిపాలిటీ కోళ్ళను అనుమతిస్తుందో లేదో కనుక్కోవాలి.

గాయపడిన ఆ పిల్లను వేరే దీపం కింద, తోడుగా మిగిలిన రెండింటితో పెంచాము. మూడు వారాల పాటు వల అవతలి నుండి పెద్దవి వాటిని చూశాయి. అడ్డు తీసిన రోజున మా అమ్మాయి పాఠశాల నుండి రాగానే గరాజులో చాప వేసుకొని చీకటి పడేవరకు కాపలా కూర్చున్నది. రెండు మూడు పొడుపులతో వ్యవహారం ముగిసింది. ఆ రాత్రి తొమ్మిదీ ఒకే కర్రమీద వరుసగా కూర్చొని నిద్రపోయాయి.